ఆరవయేట మొలచు దవడపన్ను
పంచాయతి సభ్యులు గమనింపవలసిన విషయము

ప్రతి సంవత్సరము జూన్ మాసమున బడులు తెరచునప్పుడు, కలికిరి మండలములోని గ్రామములలో ఒకటవ తరగతిలో చేరు పిల్లల పేర్లను ఉపాధ్యాయులు పట్టికలో వ్రాసికొందురు. ఆ పట్టికను పంచాయతి సభ్యులు ఒక్కసారి చూడవలెనని మా మనవి. అందులోని పిల్లల వయస్సు ఇంచుమించుగా ఆరు సంవత్సరములు. ఆ వయస్సుననే వారి నోటిలో వెనుకభాగమున, పాలపళ్ళ వరుసకు ఆవల, నాలుగు క్రొత్త పళ్ళు చిగురును చీల్చుకొని పైకి వచ్చుచుండును. పైదవడలో రెండు, క్రిందిదవడలో రెండు. వీనిని మొదటి స్థిర దవడపళ్ళు అందురు. ఆ బిడ్డ అరువదియేండ్ల వయస్సున చెనక్కాయలు నమలవలసినదియు ఈ పళ్ళతోనే. వీనిలో ఒకటి పోయినచో దాని చోటున మరియొకటి మొలవదు.

ఈ సంగతి తల్లిదండ్రులలో చాలమందికి తెలియదు. కలికిరి ప్రాంతపు బడులలో పిల్లల నోళ్ళు చూచునపుడు, పుచ్చిన వెనుకపన్నును చూపి తల్లితో మాట్లాడినచో, మాకు తరచుగా లభించు సమాధానము ఒక్కటే: "పాలపన్నే కదా సార్, ఊడిపోయి మళ్ళీ వస్తుంది." ఆమె మాటలో నిర్లక్ష్యము లేదు. ఆమెకు ఎవరును చెప్పియుండలేదు, అంతే. ముందరి పాలపన్ను ఊడినపుడు ఇంటిల్లిపాదికి తెలియును. బోసినోటి పిల్లవానిని చూచి అందరు నవ్వుదురు; ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పుపైకి విసరించుదురు. కాని ఆరవయేటి దవడపన్ను వచ్చుటకు ఏ పన్నును ఊడవలసిన పనిలేదు. అది వరుస చివర ఖాళీగానున్న చోటున, ఎవరికిని తెలియకుండ, చప్పుడు చేయక వచ్చును. తల్లి గమనించునప్పటికి అది ఎప్పటినుండియో అక్కడనే ఉన్నట్లు తోచును. కనుక పాలపన్నుగా ఎంచబడును.

దీనిని గుర్తించుట కష్టము కాదు. ముందరి పళ్ళ నట్టనడుమనుండి ఒక ప్రక్కకు లెక్కించుకొని పోవలెను. పాలపళ్ళు ఒక్కొక్క ప్రక్కన అయిదే ఉండును. ఆరవది కనిపించినచో అది స్థిరదంతము. ఆరవ సంవత్సరమున వచ్చు ఆరవ పన్ను అని జ్ఞాపకముంచుకొనిన చాలును. కొందరు పిల్లలకు అయిదున్నర సంవత్సరములకే రావచ్చును, మరికొందరికి ఏడు నిండవచ్చును. ఆడపిల్లలకు సాధారణముగా కొంచెము ముందుగా వచ్చును.

మొలచుచున్న కాలమే గండకాలము

ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయము ఇక్కడ నున్నది. పన్ను చిగురును చీల్చుకొని కొన తొలిసారిగా కనిపించిన దినమునుండి, పూర్తిగా పైకి వచ్చి ఎదుటి దవడలోని పన్నును తాకి నమలుటకు వినియోగపడు దినము వరకు, సాధారణముగా ఒక సంవత్సరమునకు పైగా పట్టును. ఈ సంవత్సర కాలమంతయు ఆ పన్ను నోటిలో నుండియు పనిచేయని పన్ను. పన్ను పుచ్చుట తరచుగా మొదలగునది ఈ కాలముననే.

ఎందువలన? మొదటి కారణము, నమలుటవలన కలుగు రాపిడి దానికి లేకపోవుట. ఎదుటి పన్ను వచ్చి తాకినపుడు, ముద్ద నలిగినపుడు, పన్ను ఉపరితలమున చేరిన జిగట కొంతవరకు తుడిచివేయబడును. మొలచుచున్న పన్నుకు ఆ సహాయము లేదు. రెండవది, దానిపై సగము వరకు చిగురు కప్పియుండును. ఆ చిగురుతోలు క్రింద అన్నపు మెతుకులు, మిఠాయి జిగురు చిక్కి గంటల తరబడి నిలిచిపోవును. మూడవది, అప్పుడే బయటకు వచ్చిన పన్నుపై నుండు పింగాణివంటి పొర ఇంకను పూర్తిగా గట్టిపడి యుండదు. నోటిలోని లాలాజలమునుండి సున్నపు లవణములను గ్రహించుచు కొన్ని సంవత్సరములలో అది బలపడును. నాలుగవది, దవడపన్ను నున్నని పలక వంటిది కాదు. దాని తలపై లోతైన గాడులు కలవు. ఆ గాడులలో కొన్ని ఎంత సన్నని వనగా, పలుదోము కుంచెలోని ఒక్క పోగు కూడ వాని అడుగునకు దిగజాలదు.

అన్నిటికంటె ముఖ్యమైన కారణము మరియొకటి. మొలచుచున్న పన్ను ఎత్తులో తన ప్రక్కనున్న పాలపన్ను కంటె తక్కువగా నుండును. పిల్లవాడు కుంచెను ముందు వెనుకలకు ఆడించినపుడు అది పాలపళ్ళ తలలపై జారిపోవునే కాని, వెనుక పల్లములో నున్న క్రొత్తపన్నును తాకదు. మెరకచేనుపై నడచిన గుంటక ప్రక్కనున్న పల్లపుమడిని గోకదు గదా! తండ్రి దగ్గరనుండి చూచుచున్నను, పిల్లవాడు బాగుగనే తోముకొనినాడని అనుకొనును. రోజుకు రెండుసార్లు తోముకొను పిల్లలకు కూడ ఈ పన్ను పుచ్చుటకు ఇది కారణము.

పన్ను తల తయారగుట బిడ్డ పుట్టుకతోనే మొదలై మూడేండ్లలోపున ముగియును. మూడు సంవత్సరములు అది దవడలో దాగియుండును. వేరు మాత్రము పన్ను బయటకు వచ్చిన తరువాత కూడ పెరుగుచునే యుండి తొమ్మిది, పది సంవత్సరముల వయస్సున పూర్తియగును. ఇది గమనింపదగిన విషయము. ఏడవయేట, ఎనిమిదవయేట పన్ను లోపలి నరము వరకు పుచ్చినచో, వేరుకొన ఇంకను తెరచియే యుండును గనుక వైద్యము పెద్దలకు చేయునంత సులభము కాదు. చేయగలవారు పట్టణములలో నుందురు. పల్లెబిడ్డకు మిగులునది పన్ను పీకించుకొనుటయే.

పన్ను ఎట్లు పుచ్చును?

పన్నులో పురుగు చేరి తొలుచునని మనవారు తరతరములుగా నమ్ముచున్నారు. గింజలను నిప్పులపై వేసి ఆ పొగను నోటికి పట్టించి, నీటిలో తేలిన తెల్లని తునకలను పురుగులని చూపువారు సంతలలో కనిపించుచుండిరి. ఆ తునకలు పంటినుండి వచ్చినవి కావు. పన్నులో పురుగు లేదు. ఉన్నవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఇవి అందరి నోళ్ళలోను పళ్ళపై పలుచని జిగటపొరగా అంటుకొనియుండును. మనము తీపి తినినపుడు ఇవియు తినును. తిని పులుపు పదార్థమును, అనగా ఆమ్లమును విసర్జించును. ఆ ఆమ్లము పంటి పొరలోని సున్నమును కరిగించును. అరగంట గడచిన పిమ్మట లాలాజలము ఆ పులుపును విరిచి, కరిగిన సున్నమును కొంతవరకు మరల చేర్చును. కరగుట, మరల చేరుట అను ఈ రెండును నిత్యము జరుగుచునే యుండును. కరగుట మిగిలిపోయిన నోటిలో మొదట తెల్లని సుద్దవంటి మచ్చ, తరువాత గోధుమరంగు, ఆ పిమ్మట గుంట ఏర్పడును.

సుద్దమచ్చగా నున్నంతవరకు పన్ను తిరిగి బాగుపడగలదు. గుంట పడిన తరువాత తనంతట తాను పూడదు.

ఎంత తీపి తినినారను దానికంటె ఎన్నిసార్లు తినినారనునది ముఖ్యమని ఇందువలన తెలియును. స్వీడన్ దేశమున విపెహోల్మ్ అను ఆసుపత్రిలో 1945 నుండి 1953 వరకు ఈ విషయమై సుదీర్ఘమైన పరిశోధన జరిగినది. మానసిక వైకల్యము గలవారిపై, వారి అనుమతి లేకయే జరిగిన ఆ ప్రయోగమును నేడు ఎవరును సమర్థింపరు, మేమును సమర్థింపము. అయినను అందు తేలిన విషయము మరువరానిది. భోజనముతోపాటు తీసికొనిన చక్కెరవలన పళ్ళకు కలిగిన హాని స్వల్పము. భోజనముల నడుమ పంటికి అంటుకొను మిఠాయిలను తినినవారి పళ్ళు త్వరత్వరగా పుచ్చిపోయినవి.

మన ప్రాంతమునకు ఈ విషయము ప్రత్యేకముగా వర్తించును. చిత్తూరు బెల్లము పేరుగన్నది. బెల్లము ప్రకృతిసిద్ధము గనుక పళ్ళకు హాని చేయదని అనేకులు భావింతురు. పంటిపై నున్న సూక్ష్మజీవికి చక్కెరయు బెల్లమును వేరుకావు. బెల్లపు పాకము పంటి గాడులలో అంటుకొని నిలుచును గనుక బెల్లపు మిఠాయి విషయమున మరింత జాగ్రత్త వలయును. రాష్ట్రమున 2020 జనవరినుండి బడులలోని మధ్యాహ్న భోజనమున వేరుసెనగ చిక్కీని చేర్చినారు; 2023 మార్చినుండి బెల్లము కలిపిన రాగిజావను ఇచ్చుట మొదలైనది. ఇవి రక్తహీనతగల పిల్లలకు మేలుచేయు ఆహారములు. పళ్ళ భయముచేత వీనిని మానిపింపవలెనని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుట పాపమగును. చిక్కీని భోజనము చివరననే తినిపించి, వెంటనే నీటితో గట్టిగా పుక్కిలింపజేయవలెను. జేబులో వేసికొని సాయంకాలము వరకు కొంచెము కొంచెముగా కొరుకుకొనుట మాత్రము మానిపింపవలెను. అదే చిక్కీ, అదే బెల్లము. తిను పద్ధతిలోనే భేదమున్నది.

వెనుకటి తరములవారు సంగటియు ఊరుబిండియు తిని పెరిగిరి. నడుమ ఆకలియైన చెనక్కాయలో, జామకాయో దొరకెడిది. నేడు బడిప్రక్కనున్న అంగడిలో రూపాయికి, రెండు రూపాయలకు పిప్పరమెంట్లు, క్రీము బిస్కత్తులు, రంగునీళ్ళ పొట్లములు దొరకుచున్నవి. పసిబిడ్డ ఏడ్చినచో టీలో ముంచిన బన్ను చేతికిచ్చుట అలవాటైనది. పంచాయతి అంగడిపై విరుచుకుపడి మూయింపవలెనని మా అభిప్రాయము కాదు. అది సాధారణముగా ఒక పేదకుటుంబపు జీవనాధారము. ఆ అంగడివారితో కూర్చుండి, ఉడికించిన చెనక్కాయలు, వేయించిన సెనగలు, జామకాయలు ముందుంచి, మిఠాయి డబ్బాలను వెనుకకు జరుపుమని చెప్పినచో వినకపోరు.

భారత దంతవైద్య మండలి 2002–03లో దేశవ్యాప్తముగా జరిపిన పరిశీలనలో అయిదేండ్ల పిల్లలలో నూటికి 51.9 మందికి, పండ్రెండేండ్ల వారిలో 53.8 మందికి, పదునైదేండ్ల వారిలో 63.1 మందికి పుచ్చుపళ్ళు ఉన్నట్లు తేలినది. అనగా తరగతిలో నిలువబడిన పిల్లలలో సగముకంటె ఎక్కువమంది.

అడ్డముగా తోముట

ఇక చేయవలసిన పని. తల్లి గాని, తండ్రి గాని, అవ్వ గాని గోడకు చేరగిలబడి కూర్చుండి బిడ్డ తలను ఒడిలో పెట్టుకొని, ముఖము పైకి త్రిప్పవలెను. వెలుతురు నోటిలో పడవలెను. చూపుడువ్రేలితో బుగ్గను ప్రక్కకు లాగి, చిన్నతల గల మెత్తని కుంచెను పెదవి మూలనుండి వెనుకకు పోనిచ్చి, పళ్ళ వరుసకు అడ్డముగా నిలుపవలెను. నిడుపుగా కాదు, అడ్డముగా. అప్పుడు కుంచె పోగులు పల్లములో నున్న క్రొత్తపన్ను తలపైకి దిగును. అక్కడ పది పదునైదు పర్యాయములు మెల్లగా ఆడింపవలెను. నాలుగు మూలలను ఇట్లే చేయవలెను. మొదట చిగురునుండి కొంచెము రక్తము కనిపించవచ్చును; అది మానివేయుటకు కారణము కాదు, మురికి చేరినదనుటకు గుర్తు. కొన్నిదినములు శుభ్రముగా తోమినచో ఆగిపోవును.

ఏడెనిమిది సంవత్సరములు నిండువరకు ఈ పని పెద్దలు చేయవలసినదే. పలక పట్టి వ్రాయుట నేర్చిన బిడ్డకు పళ్ళు తోముట చేతనగునని మనము భ్రమింతుము. ఉదయముకంటె రాత్రి తోముట ముఖ్యము. నిద్రలో లాలాజలము ఊరుట తగ్గిపోవును గనుక రాత్రి పంటిపై మిగిలిన తీపికి అడ్డుండదు. పొలమునుండి చీకటిపడి వచ్చిన తల్లికి ఇది భారమే, కాదనలేము. రెండు పూటల కుదరనిచో రాత్రిపూటను మాత్రము విడువరాదు.

వేపపుల్లను గూర్చి మమ్ము అడుగువారు కలరు. వేపపుల్లను మేము నిందింపము. పెద్దలు ఓపికతో నమలి తోముకొనినచో ముందరి పళ్ళు శుభ్రపడును. కాని ఆరేండ్ల బిడ్డ నోటిలో చివర, పల్లములోనున్న పన్నుపై పుల్లను నిలుపుట సాధ్యము కాదు. అదియుగాక పుల్లలో ఫ్లోరైడు లేదు. ఇటుకపొడి, బొగ్గుపొడి, ఇసుక కలిసిన ఉప్పు వాడుట పంటి పొరను గీకివేయును. ఫ్లోరైడు గల టూత్‌పేస్టును వాడవలెను. డబ్బామీద ఫ్లోరైడు 1000 పి.పి.యం. అని గాని, ఇంచుమించు ఆ సంఖ్య గాని యున్నదా యని చూచుకొనవలెను. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, అంతకు పైబడిన బిడ్డకు బఠాణిగింజంత చాలును. కుంచె నిండుగా వేయుట ప్రకటనలలోని అలవాటు. తోమిన పిమ్మట ఉమ్మివేయవలెను, మ్రింగరాదు. గుక్కలకొలది నీటితో పుక్కిలించి ఉన్న మందునంతయు కడిగివేయవలసిన పనియు లేదు.

బోరునీరు, ఫ్లోరైడు

ఫ్లోరైడను మాట వినగానే పంచాయతి సభ్యులలో కొందరు ఉలికిపడుదురు. అది సహజము. రాతినేలలలో బోర్లు లోతుగా పోయినకొలది నీటిలో ఫ్లోరైడు పెరుగవచ్చును. మితిమీరినచో పళ్ళు గోధుమరంగుకు మారును, ఎముకలు వంగును. మనదేశమున ఈ వ్యాధిని శాస్త్రీయముగా గుర్తించి 1937లో ప్రకటించినది మన తెలుగునేలనుండియే. నాటి నెల్లూరుజిల్లాలోని పల్లెలలో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు దానిని పరిశీలించిరి. నల్లగొండ జిల్లా బాధలు అందరు ఎరిగినవే. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడినది.

మరి అదే ఫ్లోరైడు పంటికి మేలు ఎట్లు చేయును? అమెరికాలో కొలరాడో ప్రాంతపు ప్రజల పళ్ళు గోధుమరంగు మచ్చలతో నుండుటను మెకే అను దంతవైద్యుడు ఇరువదవ శతాబ్ది ఆరంభమున గమనించినాడు. మచ్చలున్న ఆ పళ్ళు అంతగా పుచ్చుటలేదని తరువాత తెలిసినది. 1931లో నీటిలోని ఫ్లోరైడే దానికి కారణమని తేలినది. లీటరునకు సుమారు ఒక మిల్లీగ్రాము ఉన్నచోట పుచ్చుట తగ్గినది. మచ్చలు కూడ అంతగా కనిపించలేదు. మనదేశపు ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. వేరొక నీటివసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింతురు. ఉప్పువలెనే ఇదియు మోతాదు విషయము.

కావున నీటిని పరీక్షింపక ఒక బోరు మంచిదని గాని చెడ్డదని గాని అనుట తగదు. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని నిర్ణయించినారు. ఆ పరీక్షాపేటికలో ఫ్లోరైడు పరీక్షయు కలదు. మీ గ్రామమున ఆ శిక్షణ పొందినవారెవరో, పేటిక ఎక్కడనున్నదో విచారింపవలెను. పేటికలో ఎక్కువ చూపిన బోరునీటిని గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకొనవలెను.

ఇక్కడ ఒక చిక్కు గలదు. అనేక గ్రామములలో నేడు శుద్ధజల యంత్రములు వెలసినవి. ఇరువది లీటర్ల డబ్బాలు ఇంటింటికి పోవుచున్నవి. ఆ యంత్రములు హాని చేయు అధిక ఫ్లోరైడును తీసివేయును. దానితో మేలుచేయు కొలదిపాటి ఫ్లోరైడును కూడ తీసివేయును. కాబట్టి డబ్బానీరు త్రాగు ఇండ్లలో పిల్లలకు ఫ్లోరైడు టూత్‌పేస్టు మరింత ఆవశ్యకము. ఫ్లోరైడు ఎక్కువగా నున్న గ్రామములలో కూడ, బఠాణిగింజంత వేసి ఉమ్మివేయునపుడు లోపలికి పోవునది స్వల్పము. ఆరవయేటి దవడపన్ను తల మూడేండ్లకే తయారైనది గనుక, ఆరవయేట వాడు పేస్టువలన ఆ పన్నుకు మచ్చలు రావు.

కొందరు పిల్లలకు ఈ పన్ను మొలచునపుడే సుద్దవలె తెల్లగా గాని, పసుపురంగుగా గాని, పెళుసుగా నుండును. చల్లనినీరు తగిలినను బిడ్డ కేకవేయును, అందుచే తోమనీయడు, తోమనందున మరింత త్వరగా పుచ్చును. ఇది ఫ్లోరైడు మచ్చ కాకపోవచ్చును. పంటి పొర ఏర్పడునపుడే కలిగిన లోపము. తల్లి తప్పు ఇందేమియు లేదు. అట్టి పిల్లలను ఆలసింపక దంతవైద్యునికి చూపవలెను.

వైద్యము, దూరము

కలికిరినుండి మదనపల్లె ముప్పది కిలోమీటర్లకు పైబడిన దూరము. బిడ్డను తీసికొనిపోయినచో తల్లికో తండ్రికో ఒకనాటి కూలి పోవును. టమాటాధర పడిపోయిన సంవత్సరమున పంటినొప్పి అన్నిటికంటె చివరకు నెట్టబడును. లవంగనూనెతోనో, కర్పూరముతోనో కాలము గడుపుదురు. చిన్నబిడ్డ పంటిలో పొగాకు పెట్టువారు కూడ ఉన్నారు. నొప్పి తగ్గినదో లేదో గాని బిడ్డకు పొగాకు రుచి తెలిసినది.

నొప్పి విషయమున ఒక మోసము కలదు. కొన్ని రాత్రులు ఏడ్చిన బిడ్డకు ఒకనాడు నొప్పి తనంతట తానే నిలిచిపోవును. తల్లిదండ్రులు తగ్గినదని సంతోషింతురు. తగ్గలేదు, లోపలి నరము చచ్చిపోయినది. తరువాత వేరుకొనలో చీము చేరును. దవడ వాచి, జ్వరము వచ్చి, నోరు తెరచుట, మ్రింగుట కష్టమైనచో ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలెను. అది తెల్లవారువరకు ఆగవలసిన జబ్బు కాదు.

అంతవరకు పోనీయకుండుటకు సులభోపాయములున్నవి. పంటి గాడులను పూడ్చు పూత ఒకటి. పన్ను పూర్తిగా పైకి వచ్చి పొడిగా నుంచగలిగినపుడు ఒకవిధమైన పూతను, సగమే వచ్చి చిగురుతేమ తగులుచున్నపుడు గ్లాస్ అయొనోమర్ అను సిమెంటును వాడుదురు. రెండవది, పుచ్చుట మొదలైన చోట వెండి, ఫ్లోరైడు కలిసిన మందుచుక్కను అద్దుట. అద్దినచోట పన్ను నల్లబడును గాని పుచ్చుట చాలవరకు ఆగిపోవును. వెనుకపన్ను గనుక నలుపు కనిపించదు. మూడవది, విద్యుత్తుతో త్రిప్పు యంత్రము లేకయే, చేతిపనిముట్లతో పుచ్చినభాగమును గీచి సిమెంటుతో నింపు పద్ధతి. ఇది 1980ల నడుమ ఆఫ్రికాలోని టాంజానియా దేశమున ఆరంభమైనది. బడి వరండాలో బల్లపై బిడ్డను పరుండబెట్టియు చేయవచ్చును. ఫ్లోరైడు పేస్టు, ఆ వెండిమందు, ఆ సిమెంటు అను మూడింటిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో అత్యవసర ఔషధముల జాబితాలో చేర్చినది. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. శిబిరము నడుపుమని పంచాయతి తీర్మానముచేసి వ్రాసినచో, పళ్ళు పీకు శిబిరము కాక ఆరేండ్ల పిల్లల పళ్ళకు పూత వేయు శిబిరము కావలెనని స్పష్టముగా అడుగవలెను.

జబ్బు రాకముందే అడ్డగించుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1948లో మనదేశమున క్షయనివారణకు బి.సి.జి. టీకాలు తొలుత వేయబడిన చోట్లలో మదనపల్లె యొకటి.

పంచాయతికి ఇందుకు ప్రత్యేకమైన నిధులు కావలసినది కొంచెమే. పిల్లల ఆరోగ్యమును పరీక్షించుటకు 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పంటిపుచ్చు కూడ చేర్చబడియున్నది. ఆ బృందము బడికి వచ్చు దినమున ఒక సభ్యుడు అచ్చట నుండి, ఒకటవ, రెండవ తరగతుల పిల్లల ఆరవపన్నును చూచితిరా యని అడుగవలెను. బడిలో చేతులు కడుగుకొను కుళాయిల వరుస పొడవుగా నుండి, పిల్లలు ఒకేసారి నిలువగలిగినచో భోజనానంతరము పుక్కిలించుట, తోముట కుదురును. ఫిలిప్పీన్స్ దేశమున అనేక బడులలో పిల్లలు ఉపాధ్యాయుల యెదుట నిత్యము ఒక్కసారిగా పళ్ళు తోముకొందురు. కుళాయి లేనిచోట బిందె, లోటా చాలును. కుంచెలపై పేర్లు వ్రాయించి, ఒకదానినొకటి తాకకుండ నిలువుగా ఆరబెట్టించవలెను. ఒకరి కుంచె మరియొకరు వాడరాదు. గ్రామసభలో ఆశా కార్యకర్త ఒక బిడ్డను ఒడిలో పరుండబెట్టుకొని అడ్డముగా తోముట చూపినచో, నాలుగు ఉపన్యాసములకంటె తల్లులకు బాగుగా తెలియును.

ఏడవ తరగతి పిల్లలను కూడ మరువరాదు. పండ్రెండవయేట వారి నోటిలో రెండవ స్థిరదవడపన్ను ఇదే విధముగా, ఇదే మూలలో, ఇంకను వెనుకగా మొలచును. అది పైకి వచ్చుటకు మొదటిదానికంటె ఎక్కువ కాలము పట్టును. ఆ వయస్సు పిల్లలు తల్లి చేత తోమించుకొనరు గనుక అద్దము ఇచ్చి వారికే చూపవలెను.

జూన్ మాసపు పట్టికలో ప్రతి పేరు ప్రక్కన నాలుగు గళ్ళు గీచి, నాలుగు మూలలలో ఏ పన్ను కనిపించినదో గుర్తుపెట్టవలెను. డిసెంబరులో అదే పట్టికను మరల తీసి చూడవలెను. కొందరి పన్ను అప్పటికి ఎదుటిపన్నును తాకియుండును. తాకని పిల్లల పేర్లను వచ్చు జూన్ పట్టికలోనికి ఎక్కించుకొని, వారి తల్లులకు ఆ సంగతి తెలియజేయవలెను.